ఊరి రిజిస్టరులో తప్పుంటే ఢిల్లీ లెక్కలో నిజం వుంటుందా?

కొళాయిలు లెక్కపెట్టినవారు నీళ్ళు కూడా కొలవాలి
పంచాయతీ మార్కులు గ్రామసభలో చదివి వినిపించాలి

(మా గ్రామీణ విలేఖరి)

పంచాయతీ ఆఫీసు అరుగు మీద ఎండ పడుతోంది. లోపల కార్యదర్శి కంప్యూటరు ముందు కూర్చుని ఒక్కొక్క గడీ నింపుతున్నారు. ఎన్ని ఇళ్ళు? ఎన్ని కొళాయిలు? ఎన్ని మరుగుదొడ్లు? బడికి వెళ్ళే పిల్లలు ఎందరు? పింఛను పని మీద వచ్చిన ఒక పెద్ద రైతు గుమ్మం దగ్గర నిలబడి కాసేపు చూశాడు. చూసి చూసి అడిగాడు.

"ఏం సారూ, కొళాయిలు ఎన్నో రాస్తాండారే, వాటిలో నీళ్ళు వస్తాండాయో లేదో ఎవరు రాస్తారు?"

కార్యదర్శి నవ్వి, "అడిగిందే గదా పెద్దాయనా మేం రాయాల్సింది" అన్నారు.

రైతు తన పని చూసుకుని వెళ్ళిపోయాడు. కాని ఆయన అడిగింది చిన్న ప్రశ్న కాదు. దేశాలకు దేశాలే 30 ఏళ్ళకు పైగా ఈ ప్రశ్నతో కుస్తీ పడుతున్నాయి. ఒక దేశం బాగుపడుతోందని దేన్ని చూసి చెప్పాలి? ఆ బాగు నిలుస్తుందా, లేక మన పిల్లల నోటి దగ్గరి కూడు కూడా మనమే తినేస్తున్నామా? దీన్ని కొలవడానికి పెట్టుకున్న గుర్తులనే ‘సుస్థిర అభివృద్ధి సూచికలు’ అంటున్నారు. సుస్థిరం అంటే నిలకడగా వుండేది. సూచిక అంటే, కుండలో అన్నం వుడికిందో లేదో తెలుసుకోవడానికి పట్టి చూసే మెతుకు. ఏ మెతుకు పట్టి చూస్తున్నాం, ఎవరు పట్టి చూస్తున్నారు అన్నదే అసలు సంగతి.

బోరు వేస్తే ఆదాయం, ఎండితే మళ్ళీ ఆదాయం

మన అనంతపురం జిల్లా సంగతే తీసుకుందాం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే నేల ఇది. మోట కట్టి బావి నీళ్ళు తోడిన ఊళ్ళలోకి ఆ తర్వాత కరెంటు మోటార్లు వచ్చాయి. ఆ వెనుకనే బోర్లు వచ్చాయి. వంద, నూట యాభై అడుగుల్లో నీళ్ళు పడిన చోట ఇప్పుడు ఎనిమిది వందలు, వెయ్యి అడుగులు దింపుతున్నవారూ వున్నారు.

ఒక రైతు అప్పు తెచ్చి బోరు వేయించాడనుకుందాం. రిగ్గు బండి వాళ్ళకు డబ్బు ముట్టింది. కేసింగు పైపులు, మోటారు, కేబులు అమ్మిన షాపుకు వ్యాపారం జరిగింది. ఇదంతా దేశ ఆదాయం లెక్కలోకి ఎక్కుతుంది. రెండేళ్ళకు ఆ బోరు ఎండింది. పక్కనే ఇంకొకటి వేయించాడు. మళ్ళీ రిగ్గు, మళ్ళీ పైపులు, మళ్ళీ మోటారు. దేశ ఆదాయం మళ్ళీ పెరిగింది. రైతు నెత్తిన అప్పు పెరిగిన సంగతి, భూమి కింద నీరు తరిగిన సంగతి ఆ అంకెలో ఎక్కడా కనపడవు.

సంసారం చేసే ఇల్లాలికి ఈ మర్మం ఎవరూ చెప్పనక్కరలేదు. విత్తనానికి దాచిన వేరుశనగ కాయలు వలిచి వాడుకుంటే ఆ నెల ఇంట్లో లోటు వుండదు. తొలకరి పడినప్పుడు మాత్రం సాలులో వేయడానికి గింజ వుండదు. ఆ నెల ఆ ఇల్లు బాగుపడిందని ఎవరైనా రాస్తే అది కాకి లెక్కే అవుతుంది.

దేశ ఆదాయాన్ని లెక్కకట్టే పద్ధతికి రూపు దిద్దిన సైమన్ కుజ్నెట్స్ అనే ఆర్థికవేత్తే ఈ మాట ముందు చెప్పారు. ఆ ఒక్క అంకెను పట్టుకుని ప్రజల బాగోగులను అంచనా కట్టలేమని 1934 లో అమెరికా సెనేటుకు ఇచ్చిన నివేదికలోనే ఆయన హెచ్చరించారు.

రియో నుంచి ఢిల్లీ దాకా

1987 లో నార్వే ప్రధాని గ్రో హార్లెం బ్రుంట్‌లాండ్ అధ్యక్షతన ఐక్యరాజ్య సమితి కమిషను ఒకటి నివేదిక ఇచ్చింది. రాబోయే తరాల అవసరాలకు గండి కొట్టకుండా ఇప్పటివారి అవసరాలు తీరడమే సుస్థిర అభివృద్ధి అని అందులో తేల్చారు. మన పెద్దలు చెరువు గట్టున రావి మొక్క నాటిపోయినప్పుడు చేసింది ఇదే.

మాట బాగుంది, మరి కొలవడం ఎలా? 1992 లో బ్రెజిల్ దేశంలోని రియో డి జనీరోలో దేశాధినేతలంతా కలిశారు. అక్కడ ఒప్పుకున్న ‘అజెండా 21’ అనే పత్రం చివరి అధ్యాయంలో, ప్రతి దేశమూ దీనికి తగిన సూచికలు తయారు చేసుకోవాలని రాశారు. ఆ మీదట ఐక్యరాజ్య సమితి ముందుగా 134 సూచికల పట్టిక ఇచ్చింది. ఇన్ని కొలవడం తమవల్ల కాదని దేశాలు అనుభవంలో తెలుసుకున్నాయి. 2001 నాటికి ఆ పట్టిక 58 కి దిగింది. ఎక్కువ కొలిస్తే పని సాగదు, తక్కువ కొలిస్తే నిజం దాగుతుంది. ఈ తూకం ఈనాటికీ కుదరలేదు.

2015 సెప్టెంబరులో 193 దేశాలు కలిసి 17 లక్ష్యాలు, వాటి కింద 169 చిన్న లక్ష్యాలు పెట్టుకున్నాయి. పేదరికం, ఆకలి, ఆరోగ్యం, చదువు, స్త్రీ పురుష సమానత్వం, మంచినీరు, భూమి, అడవి అన్నీ అందులో వున్నాయి. గడువు 2030. వీటిని కొలవడానికి ప్రపంచం మొత్తానికి 232 సూచికలను 2017 లో ఆమోదించారు.

అయితే ప్రపంచం కొలత ప్రతి దేశానికీ అతకదు. మంచు కురిసే దేశంలో ఇల్లు వెచ్చగా వుంచుకోవడం పెద్ద సమస్య. మనకు చెరువు నిండడం పెద్ద సమస్య. అందుకే కేంద్ర గణాంక మంత్రిత్వ శాఖ 2018 లో మన దేశానికి 306 సూచికలతో సొంత పట్టిక తయారు చేసింది. తర్వాతి సంవత్సరాల్లో కొన్ని తీసేస్తూ, కొన్ని చేరుస్తూ వచ్చింది. అదే 2018 నుంచి నీతి ఆయోగ్ సంస్థ రాష్ట్రాలకు మార్కులు వేయడం మొదలుపెట్టింది.

కరెంటుకు 96, ఆకలికి 52

మార్కులు వేసే పద్ధతి బళ్ళో లెక్కలాంటిదే. ఒక సూచికలో అన్నిటికంటే వెనుకబడిన రాష్ట్రానికి 0, లక్ష్యం చేరిన రాష్ట్రానికి 100. మిగిలినవారికి ఆ నడుమ. ఉదాహరణకు ఒక సదుపాయం వెనుకబడిన రాష్ట్రంలో నూటికి 40 ఇళ్ళకు వుంది, లక్ష్యం నూటికి నూరు ఇళ్ళు అనుకుందాం. నూటికి 70 ఇళ్ళకు ఇచ్చిన రాష్ట్రం సగం దూరం నడిచినట్టు. దానికి 50 మార్కులు. ఇలా అన్ని సూచికలకూ వేసి, లక్ష్యాల వారీగా సగటు తీసి, ఆ సగటులకు మళ్ళీ సగటు తీస్తారు.

2024 జూలైలో విడుదలైన 2023-24 పట్టికలో 113 సూచికలు వున్నాయి. దేశానికి 71 మార్కులు వచ్చాయి. 2018 లో వచ్చినవి 57. ఆంధ్రప్రదేశ్‌కు 74, తెలంగాణకు 74. కేరళ, ఉత్తరాఖండ్‌లకు 79 చొప్పున వచ్చి మొదటి స్థానంలో నిలిచాయి.

మొత్తం మార్కులు చూసి సంతోషపడేముందు సబ్జెక్టుల వారీ మార్కులు చూడాలి. దేశానికి కరెంటు, వంటగ్యాసు వంటి ఇంధన లక్ష్యంలో 96 మార్కులు వస్తే, ఆకలి లక్ష్యంలో 52 వచ్చాయి. స్త్రీ పురుష సమానత్వంలో 49 మాత్రమే. కరెంటుకు 96 వచ్చిందని ఆకలి 52 ను సగటులో కలిపేస్తే ఎవరి కడుపూ నిండదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో అయిదేళ్ళ లోపు పిల్లల్లో నూటికి 35 మందికి పైగా వయసుకు తగ్గ ఎత్తు ఎదగలేదు. మన రాష్ట్రంలో నూటికి 31 మంది అలా వున్నారు. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవారిలో రక్తహీనత వున్నవారు మన రాష్ట్రంలో నూటికి 58 మందికి పైగానే తేలారు. ఏ అంగన్‌వాడీ గుమ్మం ముందు నిలబడ్డా ఇది కంటికి కనబడే సంగతే.

ప్రశ్న మారితే జవాబు మారుతుంది

ఒకే విషయం మీద రెండు ప్రశ్నలు వేస్తే రెండు దేశాలు కనిపిస్తాయి. మరుగుదొడ్ల వ్యవహారం ఇందుకు సాక్ష్యం.

2019 అక్టోబరు 2 న దేశంలోని పల్లెలన్నీ బహిరంగ మలవిసర్జన లేని గ్రామాలైనాయని ప్రకటించారు. అలా ప్రకటించిన జిల్లాలు నూటికి ఎన్ని అన్నది రాష్ట్రాలకు మార్కులు వేసే సూచికల్లో ఒకటిగా పెట్టారు. అదే కాలంలో, 2019-21 లో, ఆరోగ్య సర్వేవారు ఇంటింటికీ తిరిగి వేరే ప్రశ్న వేశారు. "మీ ఇంట్లోవారు ఎక్కడికి వెళతారు?" అని అడిగారు. నూటికి 19 కుటుంబాలు ఏ మరుగుదొడ్డీ వాడడం లేదని తేలింది.

ఇందులో ఎవరో అబద్ధం చెప్పారని తొందరపడనక్కరలేదు. మొదటి ప్రశ్న కట్టడం గురించి, ప్రకటన గురించి. రెండవది వాడకం గురించి. మన ఊళ్ళలోనే చూడండి. గుంట నిండిపోయి మూతపడినవి, నీళ్ళు మోసుకురాలేక వదిలేసినవి, కట్టెలు, పిడకలు దాచుకునే కొట్టాలైనవి లేవా? అవి కట్టిన లెక్కలో వుంటాయి. వాడే లెక్కలో వుండవు.

కొళాయిదీ అదే కథ. 2019 ఆగస్టు 15 న జలజీవన్ మిషన్ మొదలైనప్పుడు దేశంలో 3.23 కోట్ల పల్లె ఇళ్ళకు, అంటే నూటికి 17 ఇళ్ళకు మాత్రమే కొళాయి వుంది. 2024 ఆగస్టు నాటికి ఆ సంఖ్య 15 కోట్లు దాటింది. చిన్న పని కాదు. బిందె చంకనెత్తుకుని మైలు దూరం నడిచిన ఆడవారికి దాని విలువ తెలుసు. కాని ఆ పథకం పెట్టుకున్న కొలత ఒట్టి కొళాయి కాదు. మనిషికి రోజుకు 55 లీటర్ల మంచినీరు, అదీ క్రమం తప్పకుండా రావాలి. కొళాయి బిగించిన రోజు ఫోటో తీయడం తేలిక. ఏప్రిల్ నెలలో ఏ వీధికి ఎన్ని బిందెలు వచ్చాయో రాయడం కష్టం. కష్టమైన లెక్కే అసలైన లెక్క. అంగట్లో అన్నీ వున్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, కొళాయి వుండి నీళ్ళు లేకపోతే ఆ అంకె ఎవరి దాహం తీరుస్తుంది?

సగటు చాటున దాగిన మండలాలు

ఇక మన ప్రాణం లాంటి భూగర్భజలం సంగతి. ఏడాదికి భూమిలో ఇంకే నీటిలో వాడుకోదగ్గది ఎంత, అందులో మనం తోడుతున్నది నూటికి ఎంత అన్నది జాతీయ సూచికల్లో ఒకటి. నూటికి 70 వరకు తోడితే ఆ ప్రాంతం భద్రం. 70 నుంచి 90 దాకా అయితే కొంత చిక్కు. 90 దాటితే గడ్డుకాలం. 100 దాటితే పరిమితి మించి తోడినట్టు. అంటే వడ్డీ తినేసి అసలు మీద పడ్డామన్నమాట.

2023 లెక్కల్లో దేశం సగటు 59 శాతానికి కాస్త పైన వుంది. మన ఆంధ్రప్రదేశ్ సగటు అయితే 30 శాతం లోపే. ఈ అంకె చూసినవాడు, ఆంధ్రలో నీళ్ళకేం కొదవ అనుకుంటాడు. గోదావరి, కృష్ణ కాలువల కింద నీరు నిలిచే డెల్టా మండలాలు ఆ సగటులో వున్నాయి. పరిమితి మించి తోడేసిన మన అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల మండలాలూ అదే సగటులో వున్నాయి. కోనసీమ నీళ్ళను, మన మెట్ట నేలను కలిపి సగటు తీస్తే కాగితం తడుస్తుంది గాని మన చేను తడవదు.

కాబట్టి ఏ సూచిక అయినా మండలం దాకా, వీలైతే ఊరి దాకా విడదీసి చెప్పాలి. ఊళ్ళో కూడా పై వీధి ఎంత, దళితవాడ ఎంత, తండా ఎంత అని విడమరచి చెప్పాలి. 17 లక్ష్యాలు పెట్టుకున్నప్పుడు దేశాలన్నీ ఒప్పుకున్న మొదటి మాట, ఎవరినీ వెనక వదిలిపెట్టరాదని. సగటు అన్నది వెనకబడినవాడిని ముందువాడి చాటున దాచిపెడుతుంది.

వంద అంటే ఎంతో తెలియాలి

ఇంకొక చిక్కు కూడా వుంది. నూటికి ఇంత అని చెప్పాలంటే ముందు ఆ నూరు ఎంతో తెలియాలి. దేశంలో చివరిగా జనాభా లెక్కలు పూర్తి చేసింది 2011 లో. 2021 లో జరగవలసిన లెక్కలు కోవిడ్ మూలంగా వాయిదా పడ్డాయి. 2027 మార్చి 1 ని ఆధార తేదీగా పెట్టి మళ్ళీ జనాభా లెక్కలు తీస్తున్నట్టు కేంద్రం 2025 జూన్‌లో నోటిఫికేషన్ ఇచ్చింది.

2011 తర్వాత ఎన్ని కుటుంబాలు బెంగుళూరుకు వలస వెళ్ళాయి, ఎన్ని కొత్త కాపురాలు వేరుపడ్డాయి, ఎంతమంది ముసలివారు ఒంటరిగా మిగిలారు అన్నది ఊరివారికి తెలుసు. పాత లెక్క మీద వేసిన శాతం, చిన్నప్పుడు కుట్టించిన చొక్కా పెద్దయ్యాక తొడిగినట్టుగా వుంటుంది. కాబట్టి జనాభా లెక్కలవారు వచ్చినప్పుడు ఏ ఇల్లూ తప్పిపోకుండా చూసుకోవడం, వలస వెళ్ళినవారి సంగతి సరిగా చెప్పడం ఊరి బాధ్యత.

అంకె ఒక ఊరికి ఏం చేయగలదో రైతుకు కొత్తగా చెప్పనక్కరలేదు. పంట కోత ప్రయోగం మనకు తెలిసినదే. చీటీ తీసినట్టు ఒక సర్వే నంబరు ఎంచి, అందులో అయిదు మీటర్లు పొడవు, అయిదు మీటర్లు వెడల్పు కొలిచి, కోసి, నూర్చి, తూచి రాస్తారు. 1940 ల నుంచి మన దేశంలో ఈ పద్ధతిని గణాంక నిపుణులు తీర్చిదిద్దారు. పంటను బట్టి గ్రామానికో మండలానికో చాలా పంటల బీమా ఆ తూకం మీద ఆధారపడుతుంది. ఆ చదరంలో పైరు బాగుంటే చుట్టుపక్కల ఎండినవారికీ పరిహారం రాదు. పొలానికి వెళ్ళకుండా ఆఫీసులో కూర్చుని రాస్తే ఏమవుతుందో, జాతీయ సూచికల్లో కూడా అదే అవుతుంది.

పంచాయతీకీ ప్రోగ్రెసు కార్డు

ఇప్పుడు ఆ లెక్క మన గడప దాకా వచ్చింది. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 17 లక్ష్యాలను పల్లెకు తగ్గట్టు 9 అంశాలుగా కుదించింది. పేదరికం లేని ఊరు, ఆరోగ్యమైన ఊరు, పిల్లలకు అనువైన ఊరు, నీటికి కరువు లేని ఊరు, శుభ్రమైన పచ్చని ఊరు, సొంత వసతులున్న ఊరు, సామాజిక న్యాయం, భద్రత వున్న ఊరు, సుపరిపాలన వున్న ఊరు, ఆడవారికి అనువైన ఊరు. వీటి మీద ప్రతి పంచాయతీకీ మార్కులు వేసి, 2022-23 సంవత్సరపు ఫలితాలను 2025 ఏప్రిల్‌లో విడుదల చేశారు. అందుకు వాడిన సూచికలు 435.

దేశంలో 2,16,285 పంచాయతీల లెక్క తేలింది. 90 మార్కులు దాటిన పంచాయతీ ఒక్కటీ లేదు. 75 నుంచి 90 లోపు వచ్చినవి 699. 60 నుంచి 75 లోపు 77,298. 40 నుంచి 60 లోపు 1,32,392. 40 కి కూడా చేరనివి 5,896. ముందు వరుసలోని 699 లో 346 గుజరాత్‌వి, 270 మన పొరుగున వున్న తెలంగాణవి.

నూటికి 64 పంచాయతీలు 60 మార్కుల లోపే వుండడం సిగ్గుపడే సంగతి కాదు. నిజం రాస్తే అలాగే వుంటుంది. అందరికీ 90 వచ్చివుంటే అప్పుడు అనుమానపడాలి. 435 సూచికలు నింపడం పంచాయతీలకు భారమైందన్న సంగతి కూడా గుర్తించి, తర్వాతి విడతకు వాటిని 147 కి తగ్గించారు. అప్పట్లో ఐక్యరాజ్య సమితి 134 నుంచి 58 కి దిగిన దారిలోనే మన పంచాయతీ లెక్క కూడా నడిచింది.

భయం ఒక్కటే. మార్కులు తక్కువైతే మండల మీటింగులో చీవాట్లు పడతాయని కిందివారు అంకెను పెంచి రాయవచ్చు. 2023 నుంచి జాతీయ పంచాయతీ అవార్డులు కూడా ఈ 9 అంశాల మీదనే ఇస్తున్నారు గనుక అవార్డు ఆశ మరొకటి. అలా కాగితం మీద నీటి కరువు తీరిన ఊరికి రేపు నీటి పథకం ఎవరు మంజూరు చేస్తారు? "మీకు కొళాయిలు నూటికి నూరు వున్నాయి కదా" అంటే సర్పంచి ఏమని బదులు చెబుతారు? ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్న సామెత అప్పుడు మన ఊరికే తగులుతుంది. మార్కులు పోతే మళ్ళీ వస్తాయి. తప్పు లెక్క వల్ల పోయిన పథకం రాదు.

రైతులే కొలిచిన నీళ్ళు

ఊరివారు లెక్క రాయగలరా అని సందేహపడేవారికి మన జిల్లాలోనే జవాబు వుంది. 2000 దశకంలో ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో రైతుల చేతనే భూగర్భజలాన్ని కొలిపించే పథకం ఒకటి నడిచింది. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లోని ఆరు వందలకు పైగా గ్రామాలు ఇందులో చేరాయి.

అందులో చేసిన పని చాలా సాదా. ఊళ్ళో వానకొలత డబ్బా పెట్టి రోజూ వాన ఎంత పడిందో రాశారు. గుర్తు పెట్టుకున్న బోర్లలోకి టేపు దింపి, 15 రోజులకొకసారి నీరు ఎన్ని మీటర్ల కింద వుందో చూశారు. డ్రమ్ము పెట్టి, గడియారం చూసి, అది నిండడానికి ఎంతసేపు పట్టిందో లెక్కగట్టి బోరు ఎంత పోస్తోందో తేల్చారు. రైతులు, వారిలో ఆడవారు కూడా, ఈ లెక్కలన్నీ తెచ్చి ఊళ్ళో గోడమీద బోర్డుకు ఎక్కించారు. వానలు వెనుకబట్టాక, రబీ విత్తేముందు అంతా కూర్చుని, భూమిలో ఇంత నీరుంది, మనం వేయదలచిన పంటలకు ఇంత కావాలి అని బేరీజు వేశారు.

ఈ పథకం ఎవరినీ వరి వేయవద్దనలేదు. ఎవరి బోరూ మూయించలేదు. డబ్బూ పంచలేదు. లెక్క మాత్రం కళ్ళ ముందు పెట్టింది. అది చూసి చాలామంది రైతులు ఎవరికి వారే వరి తగ్గించి, తక్కువ నీటి పంటల వైపు మళ్ళారు. భారతదేశ భూగర్భజలాల మీద ప్రపంచ బ్యాంకు 2010 లో ప్రచురించిన నివేదికలో ఈ పథకాన్ని మంచి ఉదాహరణగా చెప్పుకొచ్చారు.

ఢిల్లీ సూచికకూ, ఆ ఊరి గోడమీది లెక్కకూ తేడా ఇక్కడే వుంది. ఢిల్లీ సూచిక ఊరి నుంచి పైకి పోతుంది, తిరిగి రాదు. గోడమీది లెక్క ఊళ్ళోనే వుండి, రైతు రేపు ఏం విత్తాలో చెబుతుంది. కొలిచినవాడికి ఆ కొలత ఉపయోగపడితే దాన్ని తప్పు రాయాలన్న బుద్ధి ఎవరికీ పుట్టదు. తన బోరు సంగతి తానే తప్పు రాసుకునే రైతు ఎక్కడైనా వుంటాడా?

గ్రామసభలో చదవాలి

ఇందుకు కోట్లు అక్కరలేదు. పంచాయతీ తరఫున పైకి పంపే అంకెలను పంపేముందు గ్రామసభలో తెలుగులో చదివి వినిపిస్తే చాలు. "మన ఊళ్ళో మరుగుదొడ్లు వాడే ఇళ్ళు ఇన్ని" అని చదివినప్పుడు కాదనేవారు అక్కడే లేచి చెబుతారు. "నీళ్ళు వచ్చే కొళాయిలు ఇన్ని" అన్నప్పుడు చివరి వీధి ఆడవారే నిజం తేలుస్తారు. వచ్చిన మార్కులను కూడా అంశాల వారీగా పంచాయతీ ఆఫీసు గోడమీద రాయించాలి. మొత్తం మార్కు ఒక్కటే రాస్తే చాలదు. ఏటా ప్రజా ప్రణాళిక పేరిట గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారు చేసేటప్పుడు, తక్కువ మార్కులు వచ్చిన అంశానికే ముందుగా నిధులు పెట్టాలి.

నిజం రాసినందుకు ఏ కార్యదర్శినీ, ఏ అంగన్‌వాడీ కార్యకర్తనూ మందలించబోమని పై అధికారులు భరోసా ఇవ్వాలి. జ్వరం ఎంతుందో చూపినందుకు థర్మామీటరును విరగ్గొట్టేవారు వుండరు కదా. బళ్ళో హెడ్మాస్టరు గారు పూనుకుంటే, వారానికొక రోజు పిల్లల చేత వానకొలత, బావి నీటి కొలత రాయించడం పెద్ద పని కాదు. పిల్లలకు లెక్కలూ వస్తాయి, ఊరికి రికార్డూ మిగులుతుంది.

2030 గడువు ఎంతో దూరంలో లేదు. ఆనాటికి దేశానికి ఎన్ని మార్కులు వస్తాయో గాని, మన ఊరికి మన చేతులతో మనం రాసుకున్న నిజమైన లెక్క ఒకటి వుండాలి. పంచాయతీ ఆఫీసు గుమ్మంలో నిలబడి ఆ రైతు అడిగిన ప్రశ్నకు గ్రామసభలో జవాబు చెప్పిన రోజున ఢిల్లీ లెక్క దానంతటదే దారికి వస్తుంది.